నీలం గీత

ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో కట్లు కట్టినదాన్ని. మా చెల్లెలి పిక్క మీద ఎనిమిది కుట్లు నాకో లెక్కా? స్కూటర్ మీంచి పడింది, కుట్లు వేయించుకుంది, తిన్నగా మా ఇంటికొచ్చేసింది. "నువ్వుండగా నాకు భయమేంటే అక్కా!" అంది.

మాదో పద్ధతి. గాయం చుట్టూ ఎరుపు ఎంతవరకుంటే అంతవరకూ పెన్నుతో గీత గీస్తాం. ఎరుపు గీత దాటిందా, చీము పట్టి పాకుతోందన్నమాట. వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. కుట్లకు రెండు వేళ్ల దూరంలో నీలం పెన్నుతో గీశాను.

మూడు రోజులు పొద్దున్నే కట్టు విప్పి చూశాను. ఎరుపు గీత లోపలే ఉంది.

"సలుపుతోందే అక్కా. చలిజ్వరం కూడా..."

"గీత దాటలేదుగా! చిన్నప్పట్నుంచీ నీది గోరంతకి కొండంత ఏడుపే."

నాలుగో రోజు మధ్యాహ్నం నిద్ర లేచి ఆ గదిలోకి వెళ్తే గుప్పున వాసన. కట్టు విప్పాను. కుట్ల సందుల్లోంచి పచ్చటి చీము. కాలు పెనంలా కాలుతోంది. ఎరుపు గీత లోపలే ఉంది. కానీ గీత... మోకాలి పైన ఉంది.

ఛీ, నా కళ్లు పేలిపోనూ! ఇన్ని రోజులూ గీతనే చూశాను, కాలు చూడలేదు.

"ఇదెవరు గీశారే?"

"నువ్వేగా..." అంది. "రోజూ మధ్యాహ్నం... నీ డ్యూటీ తెల్లచీరలో... పాతది స్పిరిట్‌తో తుడిచి, కొత్తది గీస్తావు. పలకరిస్తే పలకవు..."

ఆ చీర కట్టడం మానేసి ఆరేళ్లయింది.

ఆసుపత్రిలో ఒకసారి అలా గీత జరిపాను నేను. పదకొండో మంచం మీది ఆవిడకి రెండు రోజులు కట్టు మార్చడం మర్చిపోయాను. ఎరుపు గీత దాటింది. డాక్టర్ తిడతాడని పాతది తుడిచి, బయటికి కొత్తది గీశాను. ఆవిడ నా ముంజెయ్యి పట్టుకుంది.

"గీత జరిపావు కదూ, అమ్మా..."

"నోర్మూసుకు పడుకో" అన్నాను. తెల్లారేసరికి పోయింది.

చెల్లెలి కాలు తొడ దాకా తీసేశారు. అయినా దక్కలేదు. "రోజూ చూస్తూ కూడా చెప్పలేదేం అక్కా?" అని అడుగుతూనే పోయింది నా తల్లి.

ఇవాళ పొద్దున ముఖం కడుక్కుంటూ చూసుకున్నాను. ఆవిడ పట్టుకున్న ముంజేతి మీద గుండ్రంగా నీలం గీత. లోపల గాయం లేదు... ఎరుపూ లేదు... చర్మం మామూలుగానే ఉంది.

గీత పక్కన స్పిరిట్ తడి ఇంకా ఆరలేదు.