తెర కింద దాగిన ప్రశ్న

ఆ ఎక్స్‌రే గదికి కిటికీలు లేవు. నడిమధ్యాహ్నమైనా తలుపు మూస్తే చిక్కని చీకటి కమ్ముకునేది. ఫినాయిలు వాసన, వేడెక్కిన యంత్రపు ధూళి వాసన కలగలిసి గొంతులో నిలిచేవి. పదకొండేళ్లుగా అందులోనే పనిచేస్తున్న ఆమెను అందరూ ఎక్స్‌రే అక్క అనే పిలిచేవారు.

కంప్యూటరులో కొత్తగా పెట్టిన యాంటీవైరస్ మాత్రం ఆమె ప్రాణం తోడేసేది. బొమ్మ తీసిన ప్రతిసారీ ఏదో అనుమతి అడుగుతూ ఎర్రటి పెట్టె ఒకటి తెరకు అడ్డంగా లేచేది. పాత మానిటరు చిన్నది కావడంతో పెట్టె అడుగుభాగం, బటన్లతో సహా, తెర దిగువకు జారిపోయేది. జరపబోతే జరిగేది కాదు. ఆమెతోపాటు పనిచేసిన పెద్దాయన ఈమధ్యే రిటైరై పోతూ పోతూ ఉపాయం చెప్పాడు: చదవద్దు, ఎంటర్ కొడితే పోతుంది. ఆమె రోజుకు డెబ్బైసార్లు కొట్టేది. పోయేది.

ఆనాడు మూడు రోజులుగా దగ్గుతున్న తన కూతురినే తెచ్చి యంత్రం ముందు నిలబెట్టింది. ఏడేళ్ల పిల్ల, తల్లికి ఉన్న ఒక్కగానొక్క దిక్కు. ముద్దుపేరు పిచ్చుక. ఊపిరి బిగబట్టమంటే బుగ్గలు ఉబ్బించి, పేలిపోనా అని అడిగింది. పేలితే కుట్టేసుకుంటాలే అంది తల్లి.

మీట నొక్కింది. పెట్టె లేచింది. వేలు దానంతటదే ఎంటర్ మీద పడింది. పెట్టె మాయమయ్యే క్షణంలో మొదటి పంక్తి కళ్లబడింది.

‘ఈమెతోపాటు మరొకటి లోపలికి వస్తానంటోంది.’

తెరపై బొమ్మ తేలింది. లేత పక్కటెముకలు... వాటి పైన, భుజాన్ని పట్టుకుని, ఐదు వేళ్ల ఎముకలు. చాలా పొడవైనవి.

తనకూ యంత్రానికీ మధ్య అడ్డుగా ఉన్న అద్దంలోంచి చూసింది. పిల్ల ఒంటరిగానే ఉంది.

“అమ్మా... వెనక చల్లగా ఉంది.”

ఒక్క ఉదుటున వెళ్లి ఎత్తుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఒక్కతే, కానీ తొడలపై ఇద్దరి బరువు పడింది.

ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవాలి. కానీ ఎక్కడ? ఒక మెనూలో మరొకటి, దాని లోపల ఇంకొకటి. చిట్టచివర ఒక జాబితా. వేల అనుమతులు, అన్నీ ఆమె ఇచ్చినవే. అడుగున పిచ్చుక పేరు. దాని కింద పేరులేని వరుస.

రద్దు నొక్కింది. మళ్లీ ఎర్రపెట్టె.

‘ఒకరినే బయటికి పంపగలం. ఎవరిని?’

మిగతాదంతా తెర కింద... కనబడని రెండు బటన్లు.

“కదలకు నా తల్లీ,” అంది, ఎటు చూడాలో తెలియక.

బటన్ మార్చే ట్యాబ్ మీట ఒకసారి కొట్టాలా, రెండుసార్లా? ఒకసారి కొట్టింది. ఎంటర్.

ఒళ్లో బరువు సగమైంది.

పిల్లను దించి, యంత్రం ముందు నిలబెట్టి మళ్లీ బొమ్మ తీసింది. ఈసారి వేళ్లు లేవు. పక్కటెముకలు మాత్రమే. కళ్లనీళ్లు తుడుచుకుని, ఆనందంతో మరింత దగ్గరగా వంగి చూసింది.

నిరుడు మెట్ల మీంచి పడి పిచ్చుక మెడ కింది ఎముక విరిగింది. అతికిన చోట చిన్న బొడిపె ఉండాలి.

ఎముక నున్నగా ఉంది. ఎన్నడూ విరగనంత నున్నగా.

పిల్ల వచ్చి ఆమె వేలు పట్టుకుంది.

“ఇంటికెళ్దామా, అమ్మా?”