తువ్వాలు కొసన ముడి

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో తువ్వాళ్లు ఉతికే పని తాతది. ఇంకెవరూ చేయి పెట్టకూడదు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్లు చేసిన మనిషి. ఉద్యోగం అయిపోయింది గానీ పని ఒంట్లోంచి పోలేదు. వీధిలో పిల్లలు ఆయన్ని తువ్వాళ్ల తాత అంటారు. పైకి విసుక్కుంటాడు గానీ ఆ పేరు ఆయనకి ఇష్టమే.

ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. తెల్లవి వేరు, రంగువి వేరు. ఉతికే మిషన్ సగానికి కొంచెం పైదాకానే నింపాలి, తువ్వాలు నీళ్లలో దొర్లడానికి చోటుండాలి. మెత్తగా రావాలని జనం ఆఖర్న పోసే ఆ సువాసన నీళ్లు గుమ్మం తొక్కకూడదు. అది పోస్తే మెత్తగానే ఉంటుంది, నీళ్లు మాత్రం పీల్చదు. రబ్బరు అడుగున్న, కాళ్లు తుడుచుకునే పట్టా వేడినీళ్లలో వేయకూడదు. ఆరేసే ముందు ప్రతిదాన్నీ రెండుసార్లు గట్టిగా దులపాలి. దులపకపోతే ఎండాక అట్టముక్క అవుతుంది.

ఆ రోజు బుట్టలో ఏడే ఉన్నాయి. ఎనిమిది ఉండాలి.

"మీ అమ్మ ఆకుపచ్చంచు తువ్వాలు ఏదే?" అన్నాడు మనవరాలితో. దానికి ఎనిమిదేళ్లు. ఇంట్లో అందరూ చిటికె అని పిలుస్తారు. గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటోంది.

"అమ్మది అమ్మే ఉతుక్కుంటోంది తాతా. నాలుగైదు రోజులైంది." నురగ ఉమ్మి మళ్లీ అంది. "నన్ను కూడా దగ్గరికి రానివ్వట్లేదు. కుట్టు గదిలో ఒక్కతే పడుకుంటోంది. నేను లావయ్యానట, మంచం సరిపోదట. నేను లావా తాతా?"

"నువ్వా? గాలొస్తే తాడుకి క్లిప్పు పెట్టి ఆపాలి నిన్ను" అన్నాడు తాత. నవ్వాడు గానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

పెరట్లో కుళాయి వెనక బోర్లించిన బకెట్టు ఉంది. సబ్బుపొడి కోసం దాన్ని ఎత్తాడు. కింద ప్లాస్టిక్ సంచి. సంచిలో ఆకుపచ్చంచు తువ్వాలు, తడితడిగా. దాని ఒక కొసన ముడి వేసి ఉంది.

తాత చేతులు ఆగిపోయాయి.

ఆ ముడి ఆయనకి తెలుసు. దగ్గు వార్డు నించి వచ్చే గుడ్డలకి కొసన అలా ముడి వేసి పంపేవాళ్లు. ముడి కనిపిస్తే చేత్తో విప్పకూడదు, పట్టుకర్రతో ఎత్తి వేరే తొట్టిలో వేయాలి. ఈ ఇంట్లో ఆ ముడి సంగతి ఎవరికైనా తెలిసిందంటే ఆయన చెప్తేనే తెలియాలి.

సంచి మూతి కాస్త వెడల్పు చేసి చూశాడు. మధ్యలో లేత గోధుమరంగు మరక, చుట్టూ సన్నటి గీత. ఇంకొకరైతే టీ మరక అనుకునేవాళ్లు. వేడినీళ్లు పోస్తే నెత్తురు బట్టలో ఉడికిపోయి ఇక వదలదు, చన్నీళ్లలో నానబెట్టాలి. ఇది చన్నీళ్లలో నానబెట్టిన నెత్తురు. చేసినవాళ్లకి పని తెలుసు. తెలుసు, ఎందుకంటే తనే నేర్పాడు.

బకెట్టు మళ్లీ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

అప్పుడే లోపల కుట్టు గదిలో మిషన్ ఉన్నట్టుండి గడగడమంది. కాసేపు తిరిగి ఆగిపోయింది. కోడలు ఇరుగుపొరుగువాళ్ల బట్టలు కుడుతుంది, ఆ చప్పుడు ఇంట్లో కొత్త కాదు. కానీ ఇప్పుడు తాత చెవి పెట్టి విన్నాడు. మళ్లీ గడగడ. గుడ్డ కింద సూది దిగే చప్పుడు కాదది, ఉత్తినే తిరుగుతున్న చప్పుడు. దాని అడుగున, గొంతు నొక్కుకుని దగ్గుతున్న దగ్గు.

రెండు నెలలుగా ఆ మిషన్ అలాగే తిరుగుతోందని ఆయనకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. పనులు బాగా వస్తున్నాయని సంతోషించాడు కూడా.

"నాన్నా, ఏంటలా కూర్చున్నావు? నడుం పట్టిందా?" కొడుకు టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. బస్సు డ్రైవరు, ఆ రోజు సెలవు.

తాత సంచిని కాలి వెనక్కి తోశాడు. "నీ పెళ్లానికి ఒంట్లో ఎలా ఉందిరా?"

"బానే ఉందిగా. కాస్త చిక్కింది. అడిగితే పని ఎక్కువైందంటుంది."

"వేరే గదిలో ఎందుకు పడుకుంటోంది?"

కొడుకు తల దించుకున్నాడు. "నా గురక పడట్లేదంది. పన్నెండేళ్ల తర్వాత పడకపోవడం ఏంటని నాకూ అర్థం కాలేదు. కోపమేమో, అదే పోతుందిలే అని ఊరుకున్నాను."

కూతురికి ఒక కారణం, మొగుడికి ఇంకో కారణం. తాత లేచి సంచి అందుకున్నాడు.

"అది ముట్టుకోకండి మామయ్యా."

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్లనించమ్మా?" అన్నాడు తాత.

"ఏంటి ఎన్నాళ్లనించి?" అన్నాడు కొడుకు. కొడుకు సంచి వంక చూశాడు, ముడి చూశాడు, మరక చూశాడు. గ్లాసులో టీ తొణికి వేళ్ల మీద పడినా అతనికి తెలియలేదు.

"దగ్గు రెండు నెలల నించి. ఎర్రగా పడడం పది రోజుల నించి" అంది కోడలు.

"పది రోజులా? నోరు లేదా నీకు? మేమందరం చచ్చామా ఇంట్లో?" కొడుకు గొంతు పెరిగింది.

"చెప్తే ఏం చేస్తారు? మేకుకి తగిలిస్తారు."

తాతకి మొదట అర్థం కాలేదు. ఆమె పెరటి గోడ వైపు చూసింది. గోడకి ఒక తుప్పు పట్టిన మేకు ఉంది. ఎందుకు ఉందో అందరూ మర్చిపోయిన మేకు.

"పెళ్లయిన కొత్తలో నాకు కళ్లకలక వచ్చింది, గుర్తుందా మామయ్యా? నా తువ్వాలు కొసన మీరే ముడి వేశారు. ఆ మేకుకి తగిలించారు. కలక వారంలో తగ్గిపోయింది. తువ్వాలు మాత్రం అక్కడే ఉంది. వచ్చినవాళ్లందరూ అది ఎవరిదని అడిగేవాళ్లు. నెల చూశాను, ఎవరైనా తీసి తాడు మీద వేస్తారేమోనని. ఎవరూ తీయలేదు. ఆఖరికి నేనే తీసుకున్నాను." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "కళ్లకలకకే అలా అయితే, దీనికి నా పిల్లని నా కంటికి కనపడనిస్తారా? అందుకని నా ముడి నేనే వేసుకున్నాను. మీలో ఎవరికీ అంటకూడదని జాగ్రత్తగానే ఉన్నాను. పిల్లని ముద్దు పెట్టుకుని రెండు నెలలైంది."

చిటికె బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే చూస్తోంది. ఆ నెలంతా తాత ఆ మేకు ముందు నించే రోజూ కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఒక్క రోజు కూడా చూడలేదు.

"చెప్పులు వేసుకో అమ్మా" అన్నాడు. "రేపూ ఎల్లుండీ కాదు, ఇప్పుడే."

ఆసుపత్రిలో ఛాతీ ఫోటో తీశారు. కఫం పరీక్షకి డబ్బీ ఇచ్చారు. ఇంట్లో అందర్నీ పరీక్ష చేయించుకోమన్నారు, పిల్లని కూడా. ఫలితానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు రోజులూ కుట్టు గదిలో దగ్గు వినిపించినప్పుడల్లా తాత చేస్తున్న పని ఆపి అటు చూసేవాడు. మిషన్ తిప్పడం ఆమె మానేసింది, ఇక దాచడానికేం లేదుగా. చిటికె పక్కింట్లో తుమ్మినా ఆయన పరుగున వెళ్లి నుదురు పట్టుకుని చూసేవాడు. "జలుబు కాదు తాతా, ముక్కులోకి మిరియాల పొడి పోయింది" అనేది అది.

మూడో రోజు బెంచీ మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. కోడలు ఆ చివర, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి. డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది.

"క్షయ. భయపడకండి, మందులకి లొంగుతుంది. ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోవాలి. మిగతావాళ్లెవరికీ లేదు. పాపకి మాత్రం ముందుజాగ్రత్తకి మందు రాస్తాను."

కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తాత లేచి నిలబడ్డాడు. "ఆమె తువ్వాలు, కంచం, అవన్నీ ఎలా అమ్మా? ఎన్ని నీళ్లలో ఉడకబెట్టాలి?"

"ఎందుకు ఉడకబెట్టడం? మామూలుగా ఉతకండి. ఇది తువ్వాళ్లతో అంటదు పెద్దాయనా, దగ్గినప్పుడు గాలిలో వస్తుంది. మేం చెప్పేదాకా నోటికి మాస్కు కట్టుకోమనండి, కిటికీలు తెరిచి పెట్టండి. అంతే."

"మరి కొసన ముడి?"

"ఏం ముడి?" అంది డాక్టరమ్మ.

తాత అలాగే నిలబడిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు పట్టుకర్రతో ఎత్తిన ముడి. ఇంటికి తెచ్చుకుని కొత్త కోడలి తువ్వాలుకి వేసిన ముడి. ఆ ముడికి భయపడి కోడలు పిల్ల రెండు నెలలు దగ్గు మింగింది, పది రోజులు నెత్తురు దాచింది. ఇంకో రెండు నెలలు దాచి ఉంటే? ఆ ఆలోచన పూర్తి చేయలేక మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. ఈసారి ఆ చివర, కోడలు వదిలిన ఖాళీలో.

"జరగండి మామయ్యా, అంటుతుంది" అంది ఆమె కొంగు చాటు నించి.

"కిటికీ తెరిచే ఉందిలే" అన్నాడు తాత.

ఇంటికి రాగానే బట్టలైనా మార్చుకోకుండా పెరట్లోకి వెళ్లాడు. కొడుకు పనిముట్ల పెట్టెలోంచి పట్టకారు తెచ్చి మేకు పట్టుకుని లాగాడు. పన్నెండేళ్ల తుప్పు, ఒక పట్టాన రాలేదు. వచ్చాక చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత సంచిలోంచి తువ్వాలు తీశాడు. తడికి బిగిసిపోయిన ముడి. పట్టుకర్ర లేదు, గ్లౌజు లేదు, గోళ్లతోనే కూర్చుని విప్పాడు. మిగతా ఏడింటితో కలిపి మిషన్‌లో వేశాడు.

ఆరేసేటప్పుడు ఆకుపచ్చంచు తువ్వాలుని తాడు మధ్యలో వేశాడు, తనదానికీ చిటికెదానికీ నడుమ. కళ్లు మసకగా ఉన్నాయి, క్లిప్పు రెండుసార్లు జారింది.

కుట్టు గది కిటికీ రెక్కలు బార్లా తెరుచుకున్నాయి. కోడలు మాస్కు కట్టుకుని నిలబడి ఉంది.

"మామయ్యా."

"ఏంటమ్మా?"

"నాది దులపలేదు మీరు."

తాత చూసుకున్నాడు. నిజమే. తువ్వాలుని మళ్లీ తాడు మీంచి తీసి, బలం కొద్దీ దులిపాడు. ఒకసారి, రెండుసార్లు. చల్లటి తుంపర ఆయన మొహమంతా పడింది. తుడుచుకోలేదు. లోపల కుట్టు మిషన్ మొదలైంది, ఈసారి గుడ్డ మీద, ఆగకుండా.