అరచేతులు చాపని ఓటరు

పోలింగ్‌కు ముందురోజు, దేశానికి ఉత్తరాన కొండల్లో ఉన్న నారిన్ ఊళ్లో సర్వే కంపెనీ యజమాని తన కారులోనే శవమై దొరికాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

"వాళ్ల సర్వేలో అసలు ప్రశ్న ఒక్కటే, ఎల్జార్," అన్నాడు గూఢచారి విభాగం కర్నల్ షేర్నియాజ్. "మీ బ్యాలెట్ డబ్బా తగలబడితే ఎవర్ని అనుమానిస్తారు? ఊరంతా దక్షిణాదివాళ్లనే అంది."

"అంటే తగలబెడతారన్నమాట."

"బాంబు. రేపు బడిలోని బూత్‌లో, పోలింగ్ ముగిసేలోగా. ఉత్తరం, దక్షిణం కొట్టుకుచస్తే ఆ సర్వే చేయించిన విదేశీ ముఠాకి పండగ."

ఆ బూత్ ప్రిసైడింగ్ ఆఫీసర్ ఎల్జార్ సొంత అక్క అనీపా.

"ఖాళీ చేయించేద్దాం సార్."

"జనం కదిలితే బాంబు పెట్టినవాడు రిమోట్ నొక్కేస్తాడు. ముందు వాణ్ణి పట్టుకో."

మర్నాడు సాయంత్రం బడి ఆవరణలో మంచు కురుస్తోంది. గొర్రెల కాపరి వేషంలో ఎల్జార్ క్యూ వెంట నడిచాడు. ప్రతివాడి చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి. ఎవర్నని అనుమానించాలి?

"ఈ ఏడు ఆప్రికాట్లు ఎలా ఉన్నాయి?" అంది వెనకనుంచి ఓ తియ్యటి గొంతు.

"పూతలోనే మంచు కొట్టేసింది," అని గుర్తుమాటకు బదులిచ్చాడతను.

నక్కతోలు టోపీ, ఎర్రటి పెదవులు. జీబెక్. ఇంటింటికీ తిరిగి ఆ ప్రశ్న అడిగింది ఆవిడే. ముఠా దగ్గరా జీతం, డిపార్ట్‌మెంట్ దగ్గరా జీతం.

"వాడెవడో నాకూ చెప్పలేదు. ఆ సర్వే ఉత్త గాలి కబుర్లు, ఎల్జార్. గడప తొక్కిన అతిథిని నొప్పించకూడదని, టీ పోసి మరీ నాకు కావాల్సిందే చెప్పారు."

"మీ ముఠాకి ఆ సంగతి తెలుసా?"

"మా యజమాని చెప్పాడు. అందుకే పోయాడు."

ఆమెను నమ్మాలో లేదో తేల్చుకునే తీరిక లేదు. ఓటు వేసి మెట్లు దిగుతున్న బురుల్ అవ్వకు ఎల్జార్ చెయ్యి అందించాడు.

"అవ్వా, అందర్నీ ఓసారి దీవించు."

"ఇక్కడేం దీవెనరా? మీ అక్క నన్ను నమిలి మింగేస్తుంది."

"నేను సర్దిచెబుతాలే. కాస్త నిదానంగా కానీ."

అవ్వ కర్రను మెట్టుకు ఆనించి రెండు అరచేతులూ చాపింది. క్యూ అంతా ఆవిడవైపు తిరిగింది. జేబుల్లోంచి చేతులన్నీ బయటికొచ్చి, అరచేతులు ఆకాశంవైపు తెరుచుకున్నాయి. పెద్దలు దీవిస్తుంటే ఆ నేల మీద పుట్టినవాడెవడూ చేతులు దాచుకోడు.

"దేశం చల్లగుండాలి, పిల్లలు నిద్రపోవాలి..."

ఎల్జార్ కళ్లు వరసంతా వెతికాయి. దీవెన ముగింపుకొస్తోంది. చివర్న, తెల్లటోపీ పెట్టుకున్న గడ్డపాయన ఒక్క చెయ్యే చాపాడు. రెండోది జేబులోనే ఉంది.

ఎల్జార్ పరిగెత్తలేదు. పరిగెత్తితే అక్క ఉండదు. పెద్ద అంగలేస్తూ క్యూ చివరికి చేరి, పెన్నులోని మత్తుసూదిని వాడి మణికట్టులో దించేశాడు. జేబులో బొటనవేలు కదిలింది. జీబెక్ చెయ్యి అదే జేబులో దూరి ఆ వేలిని వెనక్కి విరిచేసింది.

"ఓమీన్!" అంటూ అవ్వ దీవెన ముగించింది. జనమంతా ఆనవాయితీగా అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. గడ్డపాయన మంచులో కూలబడ్డాడు.

బాంబును తీసుకెళ్లిపోయాక కర్నల్ అవ్వ ముందు వంగి నమస్కరించాడు. "దేశాన్ని కాపాడావమ్మా. ఇంతకీ ఓటెవరికేశావు?"

"సర్వేకొచ్చిన ఆ టోపీ పిల్లకి ఒకరి పేరు చెప్పాను. మా పెద్దోడికి ఇంకొకరి పేరు చెప్పాను," అంది బురుల్ అవ్వ. "నీకెవరు గెలవాలో చెప్పు నాయనా, వాళ్లకే వేశానంటాను."