పదమూడు వందల ఆరు మరణాలు

వేలాపురి శకం నలభై ఒకటో సంవత్సరం, తొమ్మిదో నెల, పదిహేడో తేదీ, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. ఏడో ద్వారం లోపలి గదిలో హాజరైనవారు ఇద్దరు: ద్వారపాలిక దూసి సుభాషిణి, పౌరురాలు; ఉప్పుజల్లెడ కార్మికుడు మైలపల్లి నూకరాజు, స్థిరనివాసి.

ఈ వివరాలను దినచర్యలో నమోదు చేసి, సుభాషిణి పౌరవాకిలి తెరను తన వైపు తిప్పుకుంది. సముద్రం వైపు తలుపు ఎనిమిదింటికి తెరవాలి. ఉన్న యాభై నిమిషాల్లో నూకరాజు పౌరసత్వ దరఖాస్తును ఆరోసారి సమర్పించాలి. పేరు, పుట్టిన తేదీ, వేలాపురికి చేర్చిన తెప్ప సంఖ్య, తల్లిదండ్రుల ఊరు, ఆ ఊరు మునిగిన సంవత్సరం, అన్నీ మళ్లీ మొదటినుంచి. ఒకసారి చెప్పిన సంగతి దేన్నీ వాకిలి గుర్తుంచుకోదు. తాను తిరస్కరించినదాన్ని మాత్రం మరచిపోదు.

కళ్లు తెరిచి, నోరు మూసుకుని ఉన్న ఛాయాచిత్రం కావాలన్నది తెర.

"రెండోది మనకి అలవాటేనండి," అన్నాడు నూకరాజు, గోడకు ఆనుకుని నిలబడుతూ.

సుభాషిణికి నవ్వు రాలేదు. ఈ నెల ముప్పయ్యో తేదీతో అతనికి యాభై ఏళ్లు నిండుతాయి. స్థిరనివాసం యాభైతో ముగుస్తుంది. ఆ లోపు పౌరుడు కాని వ్యక్తిని ఊరి గోడ అవతల, సముద్రం మీది తెప్పలకు తరలిస్తారు. అక్కడినుంచి తిరిగి రావడమనేది లేదు. అతని భార్య పోయి మూడేళ్లయింది. కూతురు పైడిరత్నానికి పదకొండేళ్లు. గోడ లోపలే పుట్టింది కనుక పౌరురాలు. పౌరులను తెప్పలకు పంపరు. అంటే పదమూడు రోజుల తర్వాత తండ్రి గోడకు అటు, కూతురు ఇటు.

సమర్పించిన నాలుగో నిమిషంలోనే జవాబు వచ్చింది.

నిరంతర నివాసం: సున్న దినాలు. కావలసినది: ఒక వెయ్యి ఎనిమిది వందల ఇరవై అయిదు. కారణం: గత అయిదేళ్లలో దరఖాస్తుదారు పదమూడు వందల ఆరు పర్యాయాలు మరణించారు. మృతుల దరఖాస్తులు స్వీకరించబడవు. వారసులు దరఖాస్తు చేసుకోవచ్చును. ఈ నిర్ణయం అంతిమం.

"నిన్న పదమూడొందల అయిదేనన్నాది కదండీ?"

"నిన్న పనికి వెళ్లావుగా. ఒకటి పెరిగింది."

విషయం ఇద్దరికీ తెలిసినదే. వేలాపురిలో ప్రతి మనిషి మణికట్టుకూ నాడీకంకణం ఉంటుంది. అది కొట్టుకున్నంతసేపూ నివాసగణకం మనిషిని లెక్కిస్తుంది. అయితే కంకణంలోని రాగితీగెలకు ఉప్పునీరు పడదు. పాడైతే కొత్తది రావడానికి మూడు నెలలు; ఆ మూడు నెలలూ తిండి, పడక, వైద్యం బంద్. అందుకని జల్లెడ కార్మికులు మొదటి జట్టు కాలంనుంచీ ఒక పద్ధతి పాటిస్తున్నారు. నీళ్లలోకి దిగేముందు కంకణం విప్పి గదిలోని కొక్కేనికి తగిలిస్తారు, పైకి వచ్చాక తొడుక్కుంటారు. జల్లెడలకు పట్టిన నాచూ నత్తగుల్లలూ గీకడానికి ఆరు గంటలు పడుతుంది. నాలుగు గంటలు దాటి నాడి వినిపించకపోతే గణకం దృష్టిలో అది మరణం. మధ్యాహ్నం కంకణం తొడుక్కున్న మనిషి అప్పుడే ఊళ్లోకి అడుగుపెట్టిన ఆగంతకుడు. అతని నివాసం మళ్లీ సున్నతో మొదలవుతుంది. ఊరికి మంచినీళ్లు అందించే పని చేసినందుకు అతడు రోజూ చస్తున్నాడు.

రెండేళ్ల క్రితం దాకా నివాసమండలికి ఒక గది, ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి ఉండేవారు. తడి జుట్టుతో దరఖాస్తు పట్టుకుని వచ్చిన కార్మికుణ్ణి చూసి ఆ మనిషి నవ్వి, లెక్క సరిచేసి పంపేవాడు. ఇప్పుడు వాకిలి ఒక్కటే దారి. మొదటి తిరస్కారం తర్వాత సుభాషిణి వాకిలిలోని సహాయినిని అడిగింది. మరణించలేదనే ధ్రువపత్రం జతపరచమని అది మర్యాదగా చెప్పింది. ఆ పత్రం ఎవరిస్తారంటే నివాసమండలి అన్నది. మండలి ఎవరికిస్తుందంటే నిరంతర నివాసులకన్నది. పోనీ కంకణం విప్పామని ఉన్నమాట రాద్దామా అంటే, విప్పడం నేరం. ఒప్పుకున్న క్షణంలో స్థిరనివాసమే రద్దవుతుంది. పదకొండు రోజులుగా ఆమె ఈ గానుగ చుట్టూ తిరుగుతున్నది. నిన్న కోపంతో తెరను అరచేత్తో కొట్టింది. దురుసు ప్రవర్తనకు ఒక హెచ్చరిక నమోదయింది.

ఏడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. నూకరాజు కంకణం విప్పి కొక్కేనికి తగిలించాడు. ముప్పయ్యో తేదీ తర్వాత పిల్లను వారానికోసారి చూసి వస్తే చాలునని, దానికి తల దువ్వుకోవడం సరిగ్గా రాదని, ఎటో చూస్తూ చెప్పాడు. అంతకుమించి ఏమీ కోరలేదు. సుభాషిణి తలుపును నడిపే ద్వారఫలకం ముందు కూర్చున్నది.

ఫలకం రోజూ అడిగే ప్రశ్నే అడిగింది. బయటకు వెళ్లే కార్మికుని స్థితి? దానికి మూడు జవాబులు: ఆరోగ్యవంతుడు, అస్వస్థుడు, మృతుడు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆమె మూడోదాన్ని రెండేసార్లు నొక్కింది. రెండుసార్లూ గదిలో శవం ఉంది.

ఆమె మూడోదాన్ని నొక్కింది.

ఆధారం చూపమన్నది ఫలకం. నివాసమండలి అంతిమ నిర్ణయం సంఖ్యను ఒక్కో అంకే చూసుకుంటూ నింపింది.

ఫలకానికి, గణకానికి ఇంతకాలం ముఖపరిచయం లేదు. ఇప్పుడు ఒకటి రెండోదాన్ని సంప్రదించింది. నూకరాజు మృతుడేనని గణకం నిర్ధారించింది. తలుపు తెరుచుకోలేదు. ఫలకం మరొక కార్మికుని కోసం వెతికింది. ఈసారి ప్రతి పేరునూ గణకాన్ని అడిగి మరీ వెతికింది. పన్నెండు ద్వారాల్లో నలభై ముగ్గురు కార్మికులు. నలభై ముగ్గురూ ఎన్నోసార్లు చనిపోయినవాళ్లే. ఒకదాని తర్వాత ఒకటిగా పన్నెండు ద్వారాల దీపాలూ ఎర్రబడ్డాయి.

"ఏటి చేసేసేరండీ?" అన్నాడు నూకరాజు మెల్లగా.

"నేనేం చేశాను? వాళ్లు చెప్పిందే రాశాను."

ఎనిమిదీ నలభైకి జల్లెడల్లో నీటి ఒత్తిడి తగ్గడం మొదలైంది. తొమ్మిదింటికి గోడకున్న గొట్టంలోనుంచి మనిషి గొంతు వినిపించింది. ఆ గొట్టం పలికి రెండేళ్లయింది. తాను నివాసమండలి కార్యదర్శినని చెప్పుకున్న ఆ గొంతు, ఏడో ద్వారంలోని నమోదే అన్నిటికీ మూలమని తేలిందన్నది. యంత్రలేఖకూ కళ్లెదుటి మనిషికీ పొంతన కుదరనప్పుడు పాత నియమావళి ప్రకారం ద్వారపాలిక స్వహస్తంతో కాగితం మీద రాసిన జీవధ్రువీకరణే ప్రమాణమని, అది మండలికి చేరగానే ద్వారాలన్నీ తెరుచుకుంటాయని వివరించింది. మనిషి ఎదురుగానే ఉన్నాడా అని అడిగింది.

ఉన్నాడని, కింద కూర్చుని అటుకులు తింటున్నాడని చెప్పింది సుభాషిణి.

"అయితే వెంటనే రాసి పంపండమ్మా. అతని దరఖాస్తు సంగతి తర్వాత పరిశీలిద్దాం."

"రాస్తానండి. పంపడం మాత్రం తర్వాత. ఆరు దరఖాస్తులున్నాయి మీ దగ్గర. ఒక్కటి చదవండి. చదివి, అతని రోజులు అతనికి జమకట్టి, మీరే స్వయంగా ఇక్కడికొచ్చి కాగితం తీసుకెళ్లండి."

"నీళ్లు ఆగిపోతాయి. తెలుసా మీకు?"

"సాయంత్రం దాకా తొట్లలో నీళ్లున్నాయి. చదవడానికి అంతసేపు పట్టదు."

ఆమె ఉద్యోగం గురించి గొంతు ఇంకేదో అన్నది. సుభాషిణి గొట్టానికి మూత బిగించింది.

నూకరాజు తినడం ఆపాడు. "అమ్మగారూ, నా ఒక్కడి కోసం మీ కొలువు పోగొట్టుకుంతారా? వొద్దండి. తలుపు తీయించేయండి."

"నీ ఒక్కడి కోసం కాదులే, నలభై ముగ్గురున్నారు. తిను."

దినచర్య చివరినుంచి ఒక తెల్ల కాగితం చింపి, గుండ్రటి అక్షరాలతో రాసింది. మైలపల్లి నూకరాజు అను వ్యక్తి నా కళ్లెదుట జీవించి ఉన్నాడు. అయిదేళ్లలో పదమూడు వందల ఆరు రోజులు ఈ తలుపు గుండా వెళ్లి, పదమూడు వందల ఆరు రోజులూ ప్రాణాలతో తిరిగి వచ్చాడు. ప్రతిసారీ తలుపు తీసినదాన్ని నేను. అతనికి చదివి వినిపించింది. అతను విని, మిగిలిన అటుకులు మళ్లీ తినసాగాడు.

తేదీ వేసి సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అంగీ లోపలి జేబులో దాచి గుండీ పెట్టుకున్నది.