అయిదిండ్ల మూటలు

ఆదివారం పొద్దున ఏడు గంటలకు, రంపం చంకల పెట్టుకొని వెనుక దర్వాజ నుంచి ఇంట్లకొచ్చే మొగపిల్లగాణ్ని చూసి ఏ ఆడపిల్లయినా ఏమనుకుంటది? దొంగ అనుకుంటది. అనసూర్య గూడ అట్లనే అనుకున్నది. చేతిలున్న గజంకర్ర పైకెత్తింది.

"ఎవలు నువ్వు? ఆగు ఆడనే!"

కొమురెల్లి ఆగిండు. బొగ్గుబాయిల కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్ అతను. నెత్తి మీద బండ పెళపెళమన్నా బెదరనోడు గజంకర్రకు బెదిరిండు.

"గట్టయ్య కాక రమ్మన్నడు. వెనుక వరండల కుట్టుమిషనుకు జాగ చెయ్యాలెనట."

"మా నాయిన నాతోని చెప్పలే."

"నాతోని చెప్పిండు. నిన్న షిఫ్టు దిగినంక."

"మిషను నాది. కుట్టేది నేను. నీతోని చెప్తె సరిపోతదా అన్నా?"

అన్నా! కొమురెల్లి చెవుల సీసం పోసినట్టయింది. ఎందుకంటరా? నోట్ల రెండు గుండుసూదులు పట్టుకొని, ఆ సూదులు కింద పడకుండనే తిట్టే పిల్లను అతను అప్పటిదాంక చూడలే. చూసి ఇంకా నిమిషం గూడ కాలే.

అయినా తప్పు ఆమెది కాదు. ఒకే బాయిల పనిచేసే గట్టయ్యను అతను రెండేండ్ల సంది 'కాకా, కాకా' అని పిలుస్తనే ఉన్నడు. కాక బిడ్డ చెల్లె కాకుంటె ఇంకేమైతది? గట్టయ్యకు ఇట్లాంటి బిడ్డ ఉన్నదని రెండేండ్ల కింద ఎవలన్న చెవిల ఊదినా బాగుండు!

గోదావరిఖనిల ఆ లైను క్వార్టర్లు అన్నీ రెండర్రలవి. ముందు అర్రల గట్టయ్య మంచం, దాని పక్కన్నే కాలు మిషను. ఆయనకు నైట్ షిఫ్టు పడ్డ వారం ఇంట్ల లడాయే. పొద్దంత ఆయన పండుకోవాలె, పొద్దంత ఆమె కుట్టాలె. మిషను టకటక మొదలైతే దుప్పటి ముసుగుల నుంచి కేక వచ్చేది, "బిడ్డా, రేపే ఈ డబ్బను అమ్మేస్త!" అని. ఆ రేపు ఎన్నడూ రాలేదనుకోండి. తల్లి లేని పిల్ల. ఆ మిషను మీద జాకెట్లు కుడ్తది, చేతిసూదితోని బొంతలు కుడ్తది. బొంతంటే అనసూర్యదే అని నాలుగు లైన్ల ఆడోళ్లు చెప్పుకుంటరు. అసొంటి పనిని ఏ తండ్రి మాన్పిస్తడు? అందుకే ఈ వరండ ఉపాయం.

కొమురెల్లి కొలతలు తీసిండు. "మిషను ఈ గోడకు పెడ్దం. పైన అరలు కొడ్త."

"గోడకా? వెలుతురు ఎడమచెయ్యి దిక్కు నుంచి రావాలె. లేకుంటె నా చేతి నీడ నా సూది మీద్నే పడ్తది."

"బాయిల మేం నెత్తికి లైటు కట్టుకొని పని చేస్తం. నీగ్గూడ ఒక టోపీ తేవాల్నా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకున్నది. ఆపుకోబోతే నోట్లున్న గుండుసూదులు రెండూ కింద పడ్డయి. ఇద్దరూ వంగిన్రు, నెత్తులు టక్కున తాకినయి. సరిగ్గ అప్పుడే గట్టయ్య లోపలికొచ్చిండు.

"ఏందిరా, పని షురూ చేసినవా?"

"కొలతలు తీస్తున్న మామా!" అన్నడు కొమురెల్లి, నుదురు రుద్దుకుంట.

గట్టయ్య కండ్లు చిన్నగ చేసిండు. "నిన్నటిదాంక కాకనుంటిని. రాత్రికి రాత్రి మామనెట్లయిన్రా?"

"అదే... వరుస సరిగ్గ లెక్కేస్తె మామవే అయితవట. మా అవ్వ చెప్పింది."

అతని తల్లి కనకవ్వ అట్లాంటిదేమీ చెప్పలే. పాపం, ఆమెకు ఈ ఇల్లు ఎటున్నదో గూడ తెల్వదు. కాని ఆ మాటతోని అనసూర్య నోట అన్న అనే పిలుపు బందయింది. అటెన్క పిలవాల్సొస్తే "ఇగో" అనేది. 'ఇగో' అంటే ఇంత తియ్యగుంటదని కొమురెల్లికి ఇరవై నాలుగేండ్లొచ్చినా తెల్వదు.

రెండో ఆదివారం వాన పట్టింది. బజారుల కొన్న పాత పెట్టెల చెక్కతోని కొమురెల్లి అయిదు అరలు కొట్టిండు. మిషను ఆమె చెప్పిన జాగల్నే పెట్టిండు, కిటికి ఎడమదిక్కుకొచ్చేటట్టు. దారాలకు మేకులు, కత్తెరకు కొక్కెం. బొంత పరిచి కుట్టెతందుకు కింద నున్నటి చెక్కబల్ల.

"దారం ఐపోయింది, బజారుకు పోయొస్త. నువ్వు అరలకు రందా పట్టి నున్నగ చెయ్యి," అని అనసూర్య గొడుగు తీసుకొని పోయింది.

రందా పట్టుడు ఎంతసేపు? పావుగంట. మూలకు అయిదు బట్టల మూటలున్నయి, అన్నీ పాత చీరెలు, దోతులు. ఆమె వచ్చేసరికి వీటిని అందంగ సర్దిపెడ్తె ఎంత ఖుషీ అయితదో అనుకున్నడు. మూటలిప్పిండు. ఎర్రయన్నీ ఒక అరల, పచ్చయి ఒక అరల, తెల్లయి, నల్లయి, నేరేడుపండు రంగువి. మడత మీద మడత. దూరం జరిగి చూసుకొని, 'వారెవా కొమురెల్లీ' అని తనను తానే మెచ్చుకున్నడు.

అనసూర్య వచ్చింది. చూసింది. చేతిలున్న దారపుండలు జారిపోయినయి.

"మూటలేవి?"

"ఇగో, అన్నీ రంగులవారీగ..."

"ఎవలు ఇప్పుమన్నరు నిన్ను?" ఆమె అరల దిక్కు ఉరికింది. "అవి ఒక్క ఇంటివి గావు, అయిదిండ్లవి! ఒక ఇంటి బట్ట ఇంకో ఇంటి బొంతల పడొద్దని ఎరుకలేదా నీకు? ఎవలింటి పెద్దోళ్ల బట్ట ఆ ఇంటి పిల్లల కిందనే పరుస్తరు. మన లైన్ల పూలమ్మత్త తన తల్లి చీర ఇచ్చింది. ఆమె తల్లి సచ్చిపోయి ఏడాది గూడ కాలే. వచ్చే ఆదివారం మనుమరాలి తొట్టెల పండుగ. ఆ చీర ఏదో ఇప్పుడు నాకెట్ల ఎరుకైతది?"

కొమురెల్లికి అప్పుడు అర్థమైంది. వాళ్లింట్ల గూడ బొంతలున్నయి, వాటి మీద్నే పుట్టి పెరిగిండు. కుట్టేటోళ్ల బాధ మొగోళ్లకు ఎన్నడు పట్టింది?

"లైన్ల తెలిస్తె ఒక్క పేలిక గూడ నా చేతికియ్యరు," అన్నది అనసూర్య. కండ్లనిండ నీళ్లు. "జాగ చేసినవు. ఇగ ఆ జాగల కూసొని ఏం కుట్టాలె నేను?"

ఆ మాట అతని గుండెల దిగింది.

"ఎక్కడ ఉతికిస్తరు ఇవి?" అనడిగిండు ఉన్నట్టుండి.

"సారవ్వ దగ్గర. ఎందుకు?"

కొమురెల్లి అన్నిటినీ వాన తగలకుండ బరకంల చుట్టి సైకిలు మీద కట్టిండు. వానలనే తొక్కుకుంట పోయిండు. వద్దనబోయిన అనసూర్య గూడ గొడుగేసుకొని వెనుకనే ఉరికింది.

చాకలి సారవ్వ ఇంటి అరుగు మీద బరకం విప్పిన్రు. సారవ్వ ఒక్కో బట్ట అంచు తిప్పి చూసుకుంట పోయింది. జీడిగింజ రసంతోని పెట్టిన నల్లగుర్తు ఎంత ఉతికినా పోదు. "మూడు చుక్కలు పూలమ్మ ఇల్లు. అడ్డగీత పోశవ్వ ఇల్లు. ఇది సున్న, చివరింటోళ్లది." చీర వెంట చీర, రంగుల కుప్పలు మళ్ల అయిదిండ్ల కుప్పలైనయి. అనసూర్య ముఖంల కళ తిరిగొచ్చింది.

ఆఖరుకు రెండు చీరెలు మిగిలినయి. రెండూ నేరేడుపండు రంగే, రెండిటికీ గుర్తు లేదు.

"ఇవి నా చేతిల పడ్డ బట్టలు గావు బిడ్డా," అన్నది సారవ్వ. "ఊరి నుంచి వచ్చినట్టున్నయి."

పూలమ్మ తల్లిది కమాన్‌పూర్. అంటే రెండిట్ల ఒకటి ఆమెదే. ఏది?

తిరిగొచ్చే తొవ్వల అనసూర్య మెల్లగ అన్నది, "రెండిట్ల మెత్తగున్నది పెట్టి కుట్టేస్త. కుట్టినంక ఎవలకెరుక?"

"నీకెరుక," అన్నడు కొమురెల్లి. "నాకెరుక. పా, పూలమ్మ ఇంటికి పోయి చెప్దం."

"చెప్తె నా పని పోతది!"

"తప్పు నాది. నేను చెప్త. తిట్లు నాకు పడనియ్యి."

సైకిలు నడిపించుకుంట ముందటికి పోయిండు. అనసూర్య రెండడుగులేసి ఆగింది. తడిసిన అంగీ వీపుకు అతుక్కొని, వెనుకకు తిరిగి చూడకుండ పోతున్నడు. గొడుగు ముడుచుకొని ఆమె గూడ తడుసుకుంటనే నడిచింది. అతనొక్కడు తడుస్తుంటె తను గొడుగు కింద నడవబుద్ధి కాలే. ఎందుకో ఆమెకే తెల్వదు.

పూలమ్మ సంగతంత విన్నది. తిట్టింది. లైనంత ఇనబడేటట్టు తిట్టింది. "నీ చేతులిరుగ! ఆడోళ్ల మూటలతోని నీకేం పనిరా పోరడా?" కొమురెల్లి తలొంచుకొని నిలబడ్డడు. "తప్పయింది అవ్వా. ఆ పిల్ల తప్పేం లేదు."

తిట్లు ఐపోయినంక పూలమ్మ రెండు చీరెలనూ ఒళ్లె పెట్టుకున్నది. కండ్లు మూసుకొని ఒకదాని కొంగు వేళ్లతోని తడిమింది. రెండోదాని కొంగు తడిమింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇదే. మా అవ్వ వక్కలు కొంగుకే ముడేసుకునేది. యాభై ఏండ్లు అదే అలవాటు. చూడు, ఈడ నేత ఎట్ల సాగిందో." చీరను ముఖానికి అద్దుకున్నది. తర్వాత అనసూర్య దిక్కు చూసింది.

"పని పోతదని భయపడ్డవా? పిచ్చిదానా, తప్పయిందని ఇంటికొచ్చి చెప్పేటోళ్లకు కాకుంటె మా అవ్వ చీర ఇంకెవలికియ్యాలె? ఆ రెండోది పోశవ్వది, ఊరి నుంచి తెచ్చుకున్నది, ఆమె మూటల పెట్టు. పోయి కుట్టు. తొట్టెల నాటికి నా బొంత నాకు కావాలె."

ఆ వారం కొమురెల్లికి మొదటి షిఫ్టు. షిఫ్టు దిగంగనే తానం చేసి, వరండకు పోయేటోడు. ఒక్కో అర అంచు మీద ఒక్కో ఇంటి చాకలి గుర్తు ఉలితోని చెక్కిండు, మూడు చుక్కలు, అడ్డగీత, సున్న. చెక్కుడు రెండు రోజులల్ల ఐపోయింది. రాకడ మాత్రం బందు కాలే. బొంత కొస లాగి పట్టుకునేటోడు కావాలె గదా అన్నడు. గట్టయ్య మంచం మీద పండుకొని ఇదంత విన్నడు. మిషను వరండలకు పోయినంక నిద్ర బాగ పడ్తదనుకున్నడు గాని, ఈ ఇద్దరి నవ్వులతోని అసలే పడ్తలేదు.

తొట్టెల జరిగింది. బొంత చూసినోళ్లందరు మూటలు పట్టుకొని వచ్చిన్రు. నెలన్నర గడిచింది. ఒకనాడు పూలమ్మే ముందు నడిచి కనకవ్వను తోల్కొచ్చింది. వెనుక కొమురెల్లి, ఇస్త్రీ అంగీతోని.

చాయ్ తాగిన్రు. పిల్లకు వంట వచ్చునా అని కనకవ్వ అడగలే. ఒళ్లున్న చిన్న మూట తీసి అనసూర్య ముందట పెట్టింది.

"తొమ్మిదేండ్ల కింద మా ఆయన బాయిల పోయిండు. ఆయన దోతి, తువ్వాల దీంట్ల ఉన్నయి. ఇన్నేండ్లు ఎవలి చేతికీ ఇయ్యలే. నీ మీద నమ్మకంతోని తెచ్చిన. బొంత కుట్టు బిడ్డా. నీకిష్టమైతే మీ ఇంటి బట్ట గూడ దాంట్ల కలుపు. ఇష్టం లేకుంటె ఉత్త మాదే కుట్టియ్యి, నాకు కోపం రాదు."

గట్టయ్య గొంతు సవరించుకున్నడు. "ఏమంటవు బిడ్డా?"

ఇసొంటప్పుడు ఆడపిల్ల తలొంచుకోవాలెనంటరు. అనసూర్య వంచలే.

"నాయినా, ఆ రోజు దాచిపెడ్దమన్నది నేను. చెప్దమన్నది ఈయన. పూలమ్మత్త తిట్లు తినెతందుకు వానల నాకంటె ముందు నడిచిండు. గప్పటి సంది నా మనసు ఈయన మీద్నే ఉన్నది."

లేచి లోపలి అర్రల పెట్టెల నుంచి తన తల్లి చీర తెచ్చింది. కనకవ్వ మూటల నుంచి దోతి తీసి బల్ల మీద పరిచింది. దాని మీద తల్లి చీర పరిచి, అరచేతితోని ముడతలు సాఫు చేసింది. గట్టయ్య ముఖం పక్కకు తిప్పుకొని తువ్వాలతోని కండ్లు తుడుచుకున్నడు. కనకవ్వ ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"సూదిల దారం నేనెక్కిస్త," అన్నడు కొమురెల్లి. అన్నడు గాని మూడుసార్లు ప్రయత్నం చేసినా ఎక్కలే. "ఇగో, ఇటు తే," అన్నది అనసూర్య.