ఖాయం చేయని దారి

ముఠా మాట కాదన్నందుకు, మెసేజ్‌లను దారి పట్టించే రూటర్ల గదిలో ఇంజనీరు నుదుట తూటా దిగింది. దాంతో ముఠాకు ఇంకో ఇంజనీరు కావలసివచ్చింది. దొంగ ఐడీ కార్డు, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని ఏజెంట్ బైరాగి ఆ ఇంజనీరుగా వెళ్లాడు. పేరుకే బైరాగి, అక్క అంటే ప్రాణం. ఏ పనైనా సగంలో వదిలేస్తాడని ఆవిడ తిట్టని రోజు లేదు.

అక్కదీ అదే డిపార్ట్‌మెంట్. ముఠాకు వ్యతిరేకంగా ఉన్న ఒక సాక్షిని కాపాడుతూ దాక్కుని ఉంది. ఆ చోటు బయటపడిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి హెడ్డాఫీసు ఆమెకు కొత్త చిరునామా పంపాలి. మెసేజ్ వెళ్లడానికి రెండు దారులు: ఒకటి మన కేబుల్, రెండోది విదేశీ ముఠా చెవి పెట్టి వింటున్న లింక్. దేనికి ప్రాధాన్యమో రూటర్‌లో రాసిపెట్టిన నియమం, అంటే పాలసీ, చెబుతుంది. మెసేజ్‌ల రహస్య కోడ్‌ను ముఠా ఎప్పుడో ఛేదించింది.

"పన్నెండింటికి పాలసీ వాళ్ల వైపు ఉంటే, మీ అక్కను మర్చిపో," అన్నాడు చీఫ్.

రూటర్ల గదిలో ఎర్ర గౌనులో మేడమ్ నిలబడి ఉంది. నిన్నటిదాకా హెడ్డాఫీసులో బైరాగి పక్క కుర్చీ ఆమెదే. అతనికి ఒళ్లు మండిపోయింది.

"కళ్లద్దాలు తీసెయ్, బైరాగీ. మెసేజ్‌ల ట్రాఫిక్ మా లింక్ మీదికి తిప్పు."

వెనక నుంచి ఒక రౌడీ మెడకు పిస్టల్ ఆనించాడు. బైరాగి టైప్ చేశాడు. ట్రాఫిక్ మొత్తం ముఠా లింక్ ఎక్కింది. మేడమ్ నవ్వి, ఇక ఇతనితో పని లేదని రౌడీకి సైగ చేసింది.

బైరాగి కిందికి వంగాడు. తూటా భుజాన్ని చీల్చుకుపోయింది. పవర్ కేబుల్ లాగి రౌడీ గొంతుకు బిగించాడు. వాడు కాళ్లు తన్నుకుని చల్లబడ్డాడు.

అప్పుడు మేడమ్ కళ్లు స్క్రీన్ మీద పడ్డాయి. అడుగున 'ఖాయమేనా?' అన్న ప్రశ్న, పక్కన తరిగిపోతున్న సెకన్లు. మార్పు బెడిసికొడితే తమ దారే మూసుకుపోతుందని ఇంజనీర్లకు భయం. అందుకే గడువు పెట్టి మారుస్తారు. ఆలోగా ఖాయమని నొక్కకపోతే పాత పాలసీ దానంతటదే తిరిగొస్తుంది. బైరాగి కూడా గడువు పెట్టే మార్చాడు, ఖాయమని మాత్రం నొక్కలేదు.

ఆమె కీబోర్డు మీదికి దూకింది. బైరాగి ర్యాక్ ఇనుప తలుపును ఆ చేతి మీదికి విసిరికొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడైంది. పన్నెండుకు ఒక్క సెకను ముందు పాత పాలసీ తిరిగొచ్చింది. చిరునామా మన కేబుల్ మీద వెళ్లిపోయింది.

సాయంత్రం ఆసుపత్రి మంచం దగ్గర ఫోన్ మోగింది.

"క్షేమంగా చేరాంరా," అంది అక్క. చీఫ్ అంతా చెప్పినట్టున్నాడు. "పని సగంలో వదిలేస్తావని ఇంకెప్పుడూ తిట్టను."

ఆ మాట మీద ఆవిడ వారం కూడా నిలబడలేదు.