జీతాల సెక్షను

తెల్లారేసరికి సుభద్ర ముందుగదిలో పంచింగ్ మెషిను దగ్గర కూర్చుంది. పొయ్యి మీద ఎసరు కాగేలోపు ఓ కట్ట కార్డులు అయిపోతాయని ఆమె లెక్క. మీట నొక్కినప్పుడల్లా అట్టకార్డులో చిన్న చిల్లు పడుతుంది. ఆ చిల్లులే అంకెలనీ, పేర్లనీ, కలకత్తాలో ఉన్న కంప్యూటరు వాటినే చదువుకుంటుందనీ పెళ్లయిన కొత్తలో భర్త నారాయణమూర్తి చెబితే ఆమె నమ్మలేదు. ఇప్పుడు మీటల వైపు చూడకుండానే కొట్టగలదు.

నారాయణమూర్తి కలకత్తాలో ఓ పెద్ద కంపెనీలో కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసేవాడు. కిందటేడు, అంటే అరవై ఏడులో, ఆ ఉద్యోగం మానేసి విజయనగరం వచ్చేశాడు. రైలుకట్ట పక్కన ఈ ఇల్లు అద్దెకు తీసుకుని సొంత కంపెనీ పెట్టాడు. ఇక్కడ కార్డులు కొట్టి మెయిలు బండిలో కలకత్తా పంపాలి. అక్కడ కంప్యూటరును గంటల చొప్పున అద్దెకు తీసుకుని లెక్కలు అచ్చువేయించి తెప్పించాలి. అదీ అతని ఆలోచన. గుమ్మం మీది బోర్డు చూసి టైపు నేర్పే చోటనుకుని వచ్చినవాళ్లే తప్ప పని ఇచ్చినవాళ్లు లేరు. ఇన్నాళ్లకు ఊరి బయటి జూట్ మిల్లు తన జీతాల లెక్కలు అప్పగిస్తానంది. ఆ రోజే సంతకాలు.

వాకిట్లో సైకిలు ఆగింది. సుభద్ర తండ్రి సూరయ్య. ఆ మిల్లులోనే జీతాల సెక్షనుకు హెడ్ గుమాస్తా. నారాయణమూర్తికి మేనమామ కూడా. తండ్రి పోయిన మేనల్లుణ్ణి, వాడి తల్లి జగ్గమ్మతో సహా తన ఇంట్లో ఉంచుకుని చదివించింది ఆయనే.

"ఏటన్నయ్యా, పనిరోజు పొద్దుటే ఇలగొచ్చినావు?" బియ్యం ఏరుతున్న జగ్గమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

సూరయ్య చెల్లెలి వైపు చూడలేదు. "ఒరే నారాయణా, మా సెక్షను ఎత్తేసి లెక్కలన్నీ ఏదో మెషిను కంపెనీకిచ్చేస్తారట. మిల్లంతా అదే మాట. ఆ కంపెనీ నీదేటి?"

గడ్డం గీసుకుంటున్న నారాయణమూర్తి చేయి ఆగిపోయింది. "నాదే మావా. సంతకం అయ్యేక సెబ్దామనుకున్నాను."

"అయ్యేకా."

"నీ సీటుకేటీ కాదు మావా. మేనేజరు దగ్గిర ముందే మాట తీసుకున్నాను. రిటైరయ్యేదాకా నిన్ను కదపరు."

సూరయ్య ముఖం నల్లబడింది. "మరి నా పక్కన కూకున్నోళ్ల మాటేటి? కూర్మయ్య మాటేటి? నీ పెళ్లికి పందిరి రాటలు బుజానెట్టుకుని మోసినాడు. ఆడి పెళ్లాం దానమ్మ మంచాన పడున్నాది. అందరూ ఎల్లిపోతే ఆ గదిలో నేనొక్కణ్ణీ ఎలగ కూకోవాలిరా?"

"నేను కాపోతే ఇంకొకడొస్తాడు మావా. ఆపలేం."

"ఇంకొకడు తీసేస్తే ఆణ్ణి తిట్టుకుని ఊరుకుంటాం. నువ్వు తీసేస్తే ఎవుర్ని తిట్టుకోమంటావు?"

జవాబు కోసం ఆగకుండా ఆయన వెనుదిరిగాడు. గుమ్మం దాటుతూ కూతురి ముందున్న మెషిను వైపు ఒకసారి చూశాడు. "నువ్వు కూడానా అమ్మా" అన్నాడు, అంతే.

సుభద్ర మీటల మీంచి చేతులు తీసేసింది. నమూనా కోసం మిల్లు పంపిన పేర్లలో కూర్మయ్య పేరు నిన్ననే వచ్చింది. తెలిసిన పేరు కదా అని మురిసిపోయి ఇంకాస్త వేగంగా కొట్టింది. ఆ కార్డు దేనికో ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"ఇంక ఈ కార్డులు నేను కొట్టను బావా."

"ఈ కంపెనీ నా ఒక్కడిదే అనుకుంటన్నావేటి? ఇయాల సంతకం పెట్టకపోతే బోర్డు పీకేసుకోవాలి."

"కలకత్తాలో మీ ఆఫీసు ముందర గుమాస్తాలు కూకునీవోరని సెప్పినావు కదా. మెషినొద్దని. ఆళ్లని దాటుకుని ఎలగెళ్లేవోడివి?"

నారాయణమూర్తి గడ్డం మీది సబ్బు నురగ తుడుచుకున్నాడు. "వెనక మెట్ల మీంచి ఎళ్లేవోణ్ణి" అన్నాడు. "ఆళ్లెవరో నాకు తెలీదు సుభద్రా."

చొక్కా వేసుకుని మిల్లుకు వెళ్లిపోయాడు. ఆ పూట సుభద్ర వంట చేసిందేగాని ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. జగ్గమ్మ ఒక్క మాటే అంది: "అటు అన్నయ్య, ఇటు కొడుకు. నేనెవరి పక్క మాటాడనే కోడలా." అత్త పక్కన కూర్చుని సుభద్ర ఏడ్చింది.

పొద్దువాలే వేళకు అతను వచ్చాడు. అరుగు మీదే చతికిలబడ్డాడు.

"గుమాస్తాలెవరినీ తీసేయకూడదని ఒప్పందంలో రాయమన్నాను. మరైతే నువ్వెందుకయ్యా అని మేనేజరు నవ్వేడు. సంతకం పెట్టకుండా వచ్చేసినాను."

సుభద్ర మొహం కడుక్కోమని నీళ్లిచ్చి, తలుపు దగ్గరకు వేసి, అతన్ని వెంటబెట్టుకుని పుట్టింటికి నడిచింది.

సూరయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు.

"ఈ ఏడు నువ్వాపినావు. పైయేడు ఇంకెవడో వస్తాడు. అది నాకు తెలీదనుకున్నావేటి?" అన్నాడు. "నాకు మెషిను మీద కోపం కాదురా. నా ఇంట్లో తిరిగినోడివి, నన్నొక్క మాట అడగలేదు. నన్నొక్కణ్ణీ ఒడ్డునేసి మిగతావోళ్లని ముంచేసి, మావకి మేలు సేసేననుకున్నావు."

నారాయణమూర్తి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. తండ్రి పోయిననాడు కూడా అతను అలా ఏడవలేదు. సూరయ్య అతని తల మీద చేయి వేశాడు. చేయి పట్టుకుని లేవదీశాడు.

"ఆ కార్డులు కొట్టడం మాకు నేర్పుతావేటి?"

మర్నాడు సాయంత్రం నుంచే మిల్లు వదలగానే సూరయ్యతో కలిపి నలుగురు గుమాస్తాలు రైలుకట్ట ఇంటికి రావడం మొదలుపెట్టారు. సుభద్రే నేర్పింది. కూర్మయ్య వేళ్లు లావు, ఒకటి కొట్టబోతే రెండు పడేవి. పాడైన కార్డుల కుప్ప చూసి ఆయనే సిగ్గుపడేవాడు. ఆ వానాకాలంలో కొత్తగా కరెంటు వచ్చిన ఊళ్ల బిల్లుల పని దొరికింది. దానికి అంతకుముందు గుమాస్తాలంటూ ఎవరూ లేరు కనక ఎవరి కూడూ పోలేదు. కంపెనీ ఎలాగో ఊపిరి తీసుకుని, ఇంకొన్ని మెషిన్లు తెచ్చుకుంది.

అనుకున్నట్టే మరుసటి ఏడు మిల్లు ఇంకెవరికో లెక్కలిచ్చి జీతాల సెక్షను మూసేసింది. సూరయ్యను మాత్రం ఉండమన్నారు. ఆయన వద్దన్నాడు. ఆ సాయంత్రం నలుగురూ ఇక ఇక్కడే పని చేయడానికని కలిసే వచ్చారు. ముందు కూర్మయ్య, అందరి వెనక సూరయ్య. మిగతావాళ్లు మెషిన్ల దగ్గర సర్దుకునేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నన్నెక్కడ కూకోమంటావురా?"

నారాయణమూర్తి తన కుర్చీలోంచి లేచి ఎదురు వచ్చాడు.

"ఎవరెక్కడ కూకోవాలో నువ్వే సెప్పు మావా" అన్నాడు. "నువ్వెలగంటే అలగ."

లోపల కాఫీ గ్లాసులు సర్దుతున్న సుభద్రకు ఆ మాట వినపడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లు ఆరేదాకా ఆమె బయటికి రాలేకపోయింది.